పర్యావరణం, అంతర్జాతీయ అభివృద్ధిలో పీజీ: రాయగడ నుంచి బ్రిటన్ వెళ్లాలా, ఇక్కడే చదవాలా?

నాగావళి (రాయగడ) | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. బీఎస్సీ బోటనీ అయ్యాక బిస్సంకటక్ వైపు ఒక స్వచ్ఛంద సంస్థలో ఏడాదిగా చిరుధాన్యాల పని చూస్తున్నాను. బ్రిటన్‌లో ఒక యూనివర్సిటీ నుంచి ఎన్విరాన్‌మెంట్ అండ్ ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ ఎమ్మెస్సీకి ఆఫర్ లెటర్ వచ్చింది. ఏడాది కోర్సు. ఫీజు, అక్కడి ఖర్చు, వీసా, విమానం అన్నీ కలిపితే ముప్ఫై లక్షలు. నాన్నకి బట్టల కొట్టు ఉంది. ఇల్లు తనఖా పెడదామంటున్నారు. అమ్మ ససేమిరా అంటోంది. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.

ఈ చదువే ఎందుకంటే చెబుతాను. నేను తిరిగే ఊళ్లలో కొండవాలు పొలంలో చోడి, కొర్ర, కంది, జొన్న, చిక్కుడు కలిపి చల్లేవారు. ఒకటి పోయినా ఇంకొకటి చేతికొచ్చేది. ఇప్పుడు సగం వాలు పత్తి అయిపోయింది. విత్తనం, కలుపు మందు అప్పు మీద ఇచ్చేదీ, పత్తి కొనేదీ ఒకే షావుకారు. మొన్న ఖరీఫ్‌లో ఒక పొలం గట్టు మీద నిలబడి చూశాను. చేలోనే కాదు, గట్టు మీద కూడా మందు కొట్టేశారు. ఆడవాళ్లు ఆకుకూర ఏరుకునేది ఆ గట్టు మీదే. వాళ్లిప్పుడు ఆ కూర సంతలో కొంటున్నారు.

గట్టు మీద ఏయే మొక్కలు పోయాయో నేను లెక్క కట్టగలను, అది నేర్చుకున్నాను. కానీ ఆ రైతు పత్తికి ఎందుకు మారాడు, మారకుండా ఉండటానికి అతని చేతిలో ఏముంది అనేది తేల్చే చదువు నా దగ్గర లేదు. అది ఈ కోర్సులో దొరుకుతుందా? దొరికినా, ఆ డబ్బుకి తగినదేనా? చదివినవాళ్లు, చదివి తిరిగొచ్చినవాళ్లు చెప్పండి.


మాస్టారు (బరంపురం) | శనివారం రాత్రి 10:25

అమ్మా, నేను ముప్ఫై ఏళ్లకు పైగా కాలేజీలో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యాను. నీ ప్రశ్న చదివి సంతోషం వేసింది. గట్టు మీద కూరాకు పోవడం గమనించినదానివి, ఈ చదువుకి సగం అర్హత నీకప్పుడే వచ్చేసింది. కానీ ఇల్లు తనఖా పెట్టి వెళ్లమని నేను చెప్పను.

ఈ సబ్జెక్టుకి మూలం ఎక్కడుందో తెలుసు కదా. 1972లో స్టాక్‌హోమ్‌లో పర్యావరణం మీద ఐక్యరాజ్యసమితి సమావేశం పెడితే ఇందిరాగాంధీ వెళ్లి పేదరికాన్ని పక్కన పెట్టి పర్యావరణం గురించి మాట్లాడలేమని వాదించారు. 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదిక, 1992లో రియో సదస్సు ఆ వాదాన్నే ముందుకు తీసుకెళ్లాయి. అంటే ఈ శాస్త్రం పుట్టుకలోనే మన దేశం మాట ఉంది.

ఇక మా బరంపురం చుట్టుపక్కల చూడు. చిలికా సరస్సుని 1981లో రాంసార్ జాబితాలో, అంటే ప్రపంచస్థాయి ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. ఆ తర్వాత పూడిక చేరి, ఉప్పునీరు లోపలికి రాక, కలుపు పెరిగి, చేపలు తగ్గి సరస్సు ప్రమాదంలో పడింది. 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. చేపలు తిరిగొచ్చాయి. 2002లో ప్రమాదపు జాబితా నుంచి తీసేసి అవార్డు కూడా ఇచ్చారు. ఒక సరస్సు బాగుపడటానికి ఇంజనీరింగు ఎంత కావాలి, జాలరుల సంఘాలు ఎంత కావాలి, రొయ్యల చెరువులు ఎవరివి అనే ప్రశ్నలకి జవాబులు ఇక్కడి గట్టు మీద దొరుకుతాయి. తుపాన్లూ అంతే. 1999లో సూపర్ సైక్లోన్‌కి దాదాపు పదివేల ప్రాణాలు పోయాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మా గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ముందుగానే లక్షల మందిని తరలించారు కాబట్టి చావులు పదుల్లోనే ఆగాయి. ఆ మధ్య పధ్నాలుగేళ్లలో ఏం మారిందో చదవడానికి బ్రిటన్‌లో నార్విచ్ ఎందుకు, లండన్ ఎందుకు?

ఢిల్లీ అంబేద్కర్ యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంట్ అండ్ డెవలప్‌మెంట్ ఎమ్మే ఉంది. బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో డెవలప్‌మెంట్ ఎమ్మే ఉంది, ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. అవి చూశావా?


జయపూర్ అక్క (కొరాపుట్ జిల్లా) | ఆదివారం ఉదయం 7:15

మాస్టారూ, మీ మాటలో చాలా నిజం ఉంది. అయినా ఒకటి రెండు చోట్ల నేను వేరేగా చెబుతాను. నేను నార్విచ్‌లో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీలో సరిగ్గా ఇలాంటి కోర్సే చదివి వచ్చాను. ఇప్పుడు కొరాపుట్‌లోనే పని.

నాగావళీ, ముందు నువ్వు అడిగినదానికి జవాబు. అవును, ఆ ప్రశ్న అక్కడ దొరుకుతుంది. ఇంకా చెప్పాలంటే ఆ కోర్సు ఆ ప్రశ్న మీదే నిలబడింది. పియర్స్ బ్లెయికీ అని ఒక ప్రొఫెసర్ అక్కడే పాఠాలు చెప్పేవారు. నేపాల్ కొండల్లో పనిచేసిన మనిషి. నేల కోతకి రైతు తెలివితక్కువతనమే కారణమని అందరూ అంటున్న రోజుల్లో, 1980లలో, ఆయన లెక్క తిరగేశారు. వాలు మీద మట్టి ఎందుకు కొట్టుకుపోతోందో తెలియాలంటే ఆ రైతు దగ్గర మొదలుపెట్టి, అతనికి భూమి ఎంత ఉంది, అప్పు ఎవరి దగ్గర ఉంది, పంట ధర ఎవరు పెడతారు, పన్నులూ చట్టాలూ ఎవరికి అనుకూలం అని ఒక్కో మెట్టూ పైకి వెళ్లాలన్నారు. పొలిటికల్ ఎకాలజీ అనే పద్ధతిని నిలబెట్టినవాళ్లలో ఆయన ముఖ్యులు. నీ షావుకారు, నీ కలుపు మందు, నీ గట్టు అన్నీ ఆ మెట్ల మీదే ఉన్నాయి.

ఇంకో పాఠం నాకు ఇప్పటికీ పనికొస్తోంది. కరువు వచ్చేది తిండి లేక కాదు, తిండి మీద హక్కు లేక అని అమర్త్యసేన్ 1981లో చూపించారు కదా. ససెక్స్‌లో పరిశోధకులు 1999లో దాన్నే అడవికీ నీటికీ వర్తింపజేశారు. మన మాటల్లో చెబుతాను. కొండ మీద అడ్డాకు కావలసినంత ఉంది. కానీ కోసుకునే హక్కు కాగితం ఎవరి పేరున ఉంది, దారిలో ఎవరు ఆపుతారు, కుట్టిన విస్తర్లకి సంతలో ధర ఎవరు చెబుతారు అన్నది వేరే లెక్క. అడవిని కొలిచేవాడు మొదటిది మాత్రమే చూస్తాడు. నీకు కావలసింది రెండోది.

ఉమ్మడి వనరులు ఎవరికీ చెందవు కాబట్టి నాశనమవుతాయని 1968లో గారెట్ హార్డిన్ రాశాడు. ఎలినార్ ఆస్ట్రోమ్ అది తప్పని ఊరూరా తిరిగి చూపించింది. నేపాల్ రైతులు తామే నడుపుకునే కాలువలు సర్కారు కాలువల కంటే బాగా పారుతున్నాయని ఆమె బృందం తేల్చింది. 2009లో ఎకనామిక్స్‌లో నోబెల్ వచ్చింది, ఆ సబ్జెక్టులో ఒక స్త్రీకి రావడం అదే మొదలు. మన దగ్గర పోడునీ మేతనీ చూసేవాళ్లకి ఆమె పని తెలియకపోతే కష్టం.

ఇవి కాక చేతిపని కూడా నేర్పుతారు. ఇంటింటి సర్వే ఎలా రాయాలి, ఇంటర్వ్యూలో ఏది అడగకూడదు, అంకెలు ఎలా విడదీయాలి, క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో మ్యాపు ఎలా గీయాలి. వేసవిలో మూడు నెలలు డిసర్టేషన్, అంటే సొంతంగా చేసే పరిశోధన వ్యాసం.

మాస్టారూ, అక్కడికి ఎందుకు అంటే క్లాసులో కూర్చున్నవాళ్ల కోసం. మలావీ నుంచి వచ్చిన ఒకతను వాళ్ల ప్రభుత్వం 2005లో మొదలుపెట్టిన ఎరువుల సబ్సిడీ గురించి చెప్పాడు. మొక్కజొన్న దిగుబడి పెరిగింది, దానితోపాటు మిగతా పంటలు ఎలా వెనకపడ్డాయో గీసి చూపించాడు. నేను కొరాపుట్ గురించి చెప్పబోయే సంగతి అతని నోటి నుంచి వచ్చింది. మన జిల్లా కష్టం మన జిల్లాలో మాత్రమే పుట్టలేదని ఆ రోజు అర్థమైంది. ఆ అర్థమవడానికి ఒక విలువ ఉంది. ఆ విలువ ముప్ఫై లక్షలా అంటే మాత్రం అందరికీ కాదు. ఆ సంగతి తర్వాత రాస్తాను, ఇప్పుడు కోటియా వైపు బయల్దేరాలి.


బ్యాంకు కౌంటర్ (పర్లాకిమిడి) | ఆదివారం ఉదయం 11:05

నేను బ్యాంకులో పనిచేస్తాను. డబ్బు సంగతి చెబుతాను, చదువు సంగతి మిగతావాళ్లు చెబుతున్నారు.

ముప్ఫై లక్షల అప్పు, వడ్డీ 10.5 శాతం అనుకోండి. పదేళ్లలో తీర్చాలంటే నెలకి 40 వేల పైన కిస్తీ. పదిహేనేళ్లయితే 33 వేలు. చదువుకునే ఏడాది, ఆ తర్వాత ఇంకో ఏడాది సాధారణంగా కిస్తీ ఉండదు కానీ వడ్డీ మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. విదేశీ చదువుకి మార్జిన్ కింద 15 శాతం దాకా మీరే పెట్టుకోవాల్సి వస్తుంది. ఏడున్నర లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకుల్లో మామూలుగా తనఖా అడుగుతారు. పొలం ఉంది కదా అని చాలామంది వస్తారు. వ్యవసాయ భూమిని మేము తీసుకోం, బాకీ పడితే దాన్ని సర్ఫేసీ చట్టం కింద జప్తు చేసే వీలు లేదు. అందుకే మాట ఇంటి మీదకి వస్తుంది. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో తనఖా లేకుండా ఇస్తారు, అయితే అది ఎంపిక చేసిన మన దేశపు విద్యాసంస్థలకే.

మా శాఖకి వచ్చే పిల్లల్లో కంప్యూటర్ కోర్సులకి వెళ్లినవాళ్లు ఎలాగో తీరుస్తున్నారు. ఈ రకం కోర్సులు చదివి ఇక్కడి సంస్థల్లో చేరినవాళ్లకి ఆ జీతంతో కిస్తీ కట్టడం చాలా కష్టం. తిరిగి రావాలన్న ఆలోచన ఉంటే అప్పు మీద వెళ్లకండి, స్కాలర్‌షిప్ మీదే వెళ్లండి. ఇది నా గట్టి అభిప్రాయం.


ప్రాణహిత ఒడ్డు (సిరోంచ, గడ్చిరోలి జిల్లా) | ఆదివారం మధ్యాహ్నం 2:30

అందరూ కోర్సు గురించి, అప్పు గురించి మాట్లాడుతున్నారు. నేను చదివే వైపు కాదు, చదవబడే వైపు నుంచి రాస్తున్న.

మాది సిరోంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, అడవిలో గోండి. మేడిగడ్డ బ్యారేజీ ఒక చివర తెలంగాణలో, రెండో చివర మా వైపు. 2016 ఆగస్టులో రెండు రాష్ట్రాలు కూర్చొని నీటిమట్టం సముద్రమట్టానికి వంద మీటర్ల దగ్గర ఉండేటట్టు ఒప్పందం రాసుకున్నయి. 2019లో ప్రారంభం. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగినప్పుడు దేశం మొత్తం ఎన్ని వేల కోట్లు పోయినయని మాట్లాడింది. ఎగువన నీళ్లు ఎక్కి మిర్చి, పత్తి చేన్లు మునిగిన మా ఊళ్ల గురించి ఎందరు మాట్లాడిన్రు?

పరిశోధన చేసేటోళ్లు మాత్రం వచ్చిన్రు. కార్లు దిగి, ఫారం తీసి, ఎన్ని ఎకరాలు, ఎన్ని పశువులు, మరుగుదొడ్డి ఉందా అని అడిగిన్రు. మా అమ్మ పొద్దంతా పనిమాని వాళ్లకు జవాబు చెప్పింది. ఒక్కరు కూడా తిరిగి వచ్చి ఇదిగో మేము రాసింది ఇది అని చూపెట్టలే. ఏ భాషల రాసిన్రో, ఎవరికిచ్చిన్రో మాకు తెల్వదు. చెల్లె, నీ చదువు ఎక్కడైనా కానీ, ఆ కూరాకు ఏరుకునే ఆడవాళ్లకి నీ చదువు ఎట్ల అందుతది? ముందు దానికి జవాబు చెప్పు.


జయపూర్ అక్క (కొరాపుట్ జిల్లా) | ఆదివారం రాత్రి 8:50

తమ్ముడూ, నీ కోపం న్యాయమైనది. మెత్తబరచడానికి ప్రయత్నించను. ఇప్పుడు మంచి యూనివర్సిటీల్లో డిసర్టేషన్ మొదలయ్యే ముందే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి. ఎవరిని అడుగుతున్నావు, వాళ్లకి ఏం చెప్పి ఒప్పిస్తావు, వద్దంటే ఆపేస్తావా, పేర్లు ఎలా దాస్తావు అని రాసివ్వాలి. అది అవసరమే. కానీ తిరిగి వెళ్లి చెప్పాలనే షరతు చాలాచోట్ల గట్టిగా లేదు. అది చదివేవాళ్లు తమకి తాము పెట్టుకోవాలి.

నాగావళికి ఒక మాట చెప్పాలి. నీ జిల్లాకి అంతర్జాతీయ అభివృద్ధి కొత్త కాదు. గిరిజన జీవనోపాధుల కార్యక్రమం అని ఓటెల్ప్ నడిచింది గుర్తుందా? రోమ్‌లో ఉండే ఐక్యరాజ్యసమితి వ్యవసాయ నిధి ఐఫాడ్ డబ్బు, బ్రిటన్ ప్రభుత్వపు సాయం శాఖ డీఎఫ్ఐడీ డబ్బు, ప్రపంచ ఆహార కార్యక్రమం బియ్యం కలిసి రాయగడ, కొరాపుట్, గజపతి, కలహండి ఊళ్లలోకి వచ్చాయి. గట్లు, చెక్ డ్యాములు, పట్టాల సర్వేలు. ఆ పనుల వెనక లాగ్‌ఫ్రేమ్ అనే ఒక పట్టిక ఉంటుంది. లక్ష్యం, ఫలితం, రుజువు, ఊహలు అని గళ్లు. దాన్ని నింపేవాళ్లు రోమ్‌లోనో లండన్‌లోనో భువనేశ్వర్‌లోనో ఉంటారు. ఊళ్లో మనిషికి ఆ గళ్లలో తన మాట ఎక్కడ పడిందో తెలియదు. ఈ చదువు నాకిచ్చిన అతి పెద్ద లాభం ఆ పట్టికని చదవడం రావడమే. ఇప్పుడు మీటింగులో ఎవరైనా మహిళా సంఘాలతో సంప్రదించాం అని రాస్తే, ఏ ఊరు, ఏ రోజు, ఎంతమంది, వాళ్లేమన్నారు అని నేను అడగగలను. అడిగాక జవాబు రాసి తీరాలి.

నియంగిరి కొండల మీద బాక్సైట్ తవ్వకం గొడవ మీ అందరికీ తెలుసు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలంది. జూలై, ఆగస్టుల్లో రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్లు కూర్చున్నాయి. పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. ఆ సభల్లో ఆ కొండల గిరిజనులు డోంగ్రియా కొంధులకి ఎవరూ పొలిటికల్ ఎకాలజీ నేర్పలేదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టాన్ని చదివి, అర్జీ రాసి, ఢిల్లీ దాకా ఆ మాట చేరవేయడానికి చదువుకున్నవాళ్ల సాయం కావలసి వచ్చింది. మన పని అక్కడ ఉంది. మాట వాళ్లది, దారి చూపడం మనది.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు రాస్తాను. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించాక, డబ్బు తీసుకున్న పెద్ద సంస్థ దాన్ని చిన్న సంస్థకి బదిలీ చేయకూడదన్నారు, ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదన్నారు. దానితో మన జిల్లాల్లోని చిన్న సంస్థలు చాలా బక్కచిక్కాయి. బ్యాంకు సారు చెప్పిన కిస్తీ ఆ జీతాల్లోంచి కట్టలేం. ఆయన మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.


గోదారి తీరం (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా) | సోమవారం ఉదయం 6:40

బ్రిటన్, ఢిల్లీ, బెంగళూరు అయ్యాయి. తుల్జాపూర్ పేరు ఎవరూ చెప్పలేదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వాళ్ల గ్రామీణ క్యాంపస్ 1986 నుంచి అక్కడ ఉంది. నేను అక్కడే ఎమ్మే చేశాను. మరాఠ్వాడా కరువు ఊళ్లలో ఫీల్డ్‌వర్క్ లేకుండా డిగ్రీ చేతికి రాదు. ట్యాంకర్ వచ్చేదాకా బిందెల వరసలో ఎవరి బిందె ముందుంటుంది, ఎవరిది ఎప్పుడూ వెనకే ఉంటుంది అని మమ్మల్ని రాసుకు రమ్మన్నారు. కులం గురించి ఏ పుస్తకంలో చదివినదాని కంటే ఎక్కువ ఆ వరసలో చూశాను.

సిరోంచ అన్న చెప్పిన బ్యారేజీ గొడవ మాకూ ఉంది. మా ధర్మాబాద్ దగ్గర గోదావరి మీద బాభళీ బ్యారేజీ. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందకి వదలాలి. మా వైపు రైతు వానాకాలం నీళ్లన్నీ కిందకి పోతాయని బాధపడతాడు. అటు నిజామాబాద్‌లో నా మేనమామ మీరు ఆపితే శ్రీరాంసాగర్ ఎలా నిండుతుందంటాడు. ఒకే ఇంటి మనుషులం, నది విషయం వచ్చేసరికి రెండు రాష్ట్రాలవాళ్లం. రెండు దేశాల మధ్య నది గొడవ ఎలా ఉంటుందో నాకు వేరే చెప్పనక్కర్లేదు. వంశధార మీద నేరడి బ్యారేజీ కోసం ఒడిశా, ఆంధ్ర పోట్లాడుకోవడం మీవైపు చూస్తూనే ఉన్నారు కదా.

కోర్సుల పేర్లూ ఫీజులూ మారుతుంటాయి, వెబ్‌సైట్‌లో చూసుకోండి. కానీ ఫీల్డ్ బలంగా కావాలంటే ముందు ఇలాంటి చోట చదివి, పీహెచ్‌డీకి బయటికి వెళ్లడం మంచి దారి.


నాగావళి (రాయగడ) | సోమవారం రాత్రి 9:10

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. నాన్నకి మొత్తం చదివి వినిపించాను. బ్యాంకు సారు లెక్క దగ్గర రెండుసార్లు చదివించుకున్నారు.

సిరోంచ అన్నా, మీ ప్రశ్నకి జవాబు ఆలోచించాను. నేను పనిచేసే ఊళ్లో నెలకోసారి మహిళా సంఘం కూర్చుంటుంది. నేను ఏం రాసినా ముందు అక్కడ చదువుతాను. వాళ్ల భాష కువి నాకు అంతంత మాత్రమే వచ్చు, తోడు ఒక అమ్మాయి ఉంది. తప్పు రాస్తే వాళ్లే చెబుతారు. ఇది మీకు ఇస్తున్న మాట.

అక్కా, స్కాలర్‌షిప్‌ల గురించి చెప్పండి. మా బాబాయి ఆంధ్ర ప్రభుత్వ పథకాలు చూడమంటున్నారు. మాకు ఇక్కడి ఓటు, ఇక్కడి రేషన్ కార్డు. అవి మాకు వర్తించవు కదా?


జయపూర్ అక్క (కొరాపుట్ జిల్లా) | సోమవారం రాత్రి 10:30

వర్తించవు. ఆ పథకాలకి స్థానికత కావాలి. సరిహద్దు ఇవతల ఉన్న తెలుగువాళ్లందరికీ ఇదే ఇబ్బంది. అందుకే కేంద్రం ఇచ్చేవీ, విదేశాలు ఇచ్చేవీ చూడు.

చీవ్‌నింగ్ బ్రిటన్ ప్రభుత్వానిది. ఫీజు, ఖర్చులు, విమానం అన్నీ ఇస్తారు. రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉండాలి, గంటల్లో 2,800. చదువయ్యాక స్వదేశానికి వచ్చి రెండేళ్లు ఉండాలి. నీకు అది షరతు కాదు, నువ్వు కోరుకునేదే. అప్లికేషన్ మామూలుగా ఆగస్టులో తెరిచి అక్టోబరు మొదట్లో మూస్తారు. కామన్‌వెల్త్ షేర్డ్ స్కాలర్‌షిప్ సొంత డబ్బుతో వెళ్లలేనివాళ్ల కోసమే. యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ అని, రెండు మూడు దేశాల్లో కలిపి చదివే కోర్సులు, నెలకి 1,400 యూరోలు ఇస్తారు. జె.ఎన్. టాటా ఎండోమెంట్ 1892 నుంచి ఉంది, అయితే అది అప్పు రూపంలో ఇచ్చే స్కాలర్‌షిప్, మిగతావాటికి తోడుగా పనికొస్తుంది.

ఇది చదివే ఎస్సీ, ఎస్టీ పిల్లలకి: కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ తప్పక చూడండి. సామాజిక న్యాయ శాఖ ఇచ్చేదానిలో 125 సీట్లు, గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చేదానిలో 20. ఒక జాగ్రత్త. సామాజిక న్యాయ శాఖ 2022లో మార్చిన నిబంధనల్లో భారతీయ సంస్కృతి, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాల అంశాలకి ఇవ్వమని రాశారు. మన ఊరి గురించి చదవాలని వెళ్లేవాళ్లకి ఇది నేరుగా తగిలే దెబ్బ. మన పిల్లలు మన నేల గురించి బయట చదవకూడదా అని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. అప్లై చేసే ఏడాది నిబంధనలు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుకుని అంశం రాయండి.


ఇద్దరు పిల్లల తండ్రి (గుణుపురం) | మంగళవారం ఉదయం 8:00

అమ్మా, మా అమ్మాయి కూడా ఇలాంటి చదువే అంటోంది. ఆడపిల్ల ఒక్కతే కొండ ఊళ్లలో తిరగడం గురించే మా ఇంట్లో గొడవ. నువ్వు ఏడాదిగా తిరుగుతున్నావని చదివాక మా ఆవిడ చేత కూడా చదివించాను. ఇంకేమీ అనలేదు, కానీ రెండోసారి చదివింది.


మాస్టారు (బరంపురం) | మంగళవారం ఉదయం 10:45

జయపూర్ అమ్మాయి మలావీ సంగతి చెప్పాక నా మాట కొంత సవరించుకుంటాను. బయటి పిల్లల పక్కన కూర్చోవడంలో విలువ ఉంది, ఒప్పుకుంటాను. ఇల్లు తనఖా వద్దన్న మాట మీద మాత్రం నిలబడే ఉన్నాను.

ఒక్కటి చేర్చనివ్వండి. ఏ కోర్సుకి వెళ్లినా అంకెలు చేత్తో పట్టుకుని వెళ్లు. 2017 జూలైలో నాగావళి నది ఒక్కసారిగా పొంగి తెరువలి దగ్గర రైల్వే వంతెన కొట్టుకుపోయింది గుర్తుందా? ఆ రోజు వాన ఎంత, ఎగువ కొండల మీద చెట్టు ఎంత మిగిలింది, వాలు మీద పంట ఏది అనేవి పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ. నీ ఊళ్లలో ఏ వాలు ఏ ఏడు పత్తికి మారిందో ఇప్పుడే రాసిపెట్టుకో. ఊళ్లో పెద్దలకి సంవత్సరం చెప్పడం రాకపోవచ్చు, కానీ ఫైలిన్ ముందా తర్వాతా, తిత్లీ తుపాను ముందా తర్వాతా అంటే ఠక్కున చెబుతారు. రెండేళ్ల అలాంటి నోటుపుస్తకం ఉంటే ఏ ప్రొఫెసరైనా నిన్ను పిలిచి మాట్లాడతాడు. మీ బిస్సంకటక్ దగ్గరే దేబల్ దేబ్ గారు వెయ్యికి పైగా దేశవాళీ వరి రకాలు కాపాడుతున్నారు. ఆ పొలం చూశావో లేదో, చూడకపోతే ముందు అక్కడికి వెళ్లు.


నాగావళి (రాయగడ) | మంగళవారం రాత్రి 9:30

ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. ఈ ఏడు వెళ్లడం లేదు. సీటు వచ్చే ఏడాదికి వాయిదా వేయమని యూనివర్సిటీకి మెయిల్ పెట్టాను. వాళ్లు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, మళ్లీ అప్లై చేస్తాను. ఈలోగా నా పని రెండేళ్లు నిండుతుంది, చీవ్‌నింగ్‌కి, కామన్‌వెల్త్‌కి రెండింటికీ పెడతాను. రాకపోతే తుల్జాపూర్, అంబేద్కర్ యూనివర్సిటీ. ఇల్లు తనఖా అనే మాట మా ఇంట్లో ఇక రాదు. అమ్మ నిన్న రాత్రి మొదటిసారి ఆ కోర్సులో ఏం చెబుతారని అడిగింది. మలావీ కథ చెబితే మన షావుకారులాగే ఉందే అంది.

మాస్టారూ, నోటుపుస్తకం మొదలుపెట్టాను. మొదటి పేజీలో ఏ వాలు, ఎవరి సాగు, తిత్లీ ముందు ఏం వేశారు, ఇప్పుడేం వేశారు, విత్తనం ఎవరిచ్చారు, అప్పు ఎంత, గట్టు మీద ఏయే కూర దొరికేది అని గీతలు గీశాను. ఇంకేం చేర్చాలో చెప్పండి.

సిరోంచ అన్నా, మీవైపు గ్రామసభలే తునికాకు వేలం వేసుకుంటాయని చదివాను. మేండా లేఖా ఊరికి 2009లో అడవి మీద సామూహిక హక్కు వచ్చిందని, 2011లో వెదురు అమ్ముకునే పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికే ఇచ్చారని కూడా చదివాను. మా అడ్డాకు సంఘానికి అది ఎలా నడుస్తుందో చూపించాలని ఉంది. ఇద్దరు ముగ్గురిని తీసుకుని రావచ్చా?


జయపూర్ అక్క (కొరాపుట్ జిల్లా) | మంగళవారం రాత్రి 10:05

నోటుపుస్తకంలో ఇంకో గడి పెట్టు: కూర ఏరేది ఎవరు, ఇప్పుడు కొనేది ఎవరి డబ్బుతో. ఇంటి మొత్తం ఆదాయం అడిగితే పత్తి లాభంలాగే కనిపిస్తుంది. ఆడవాళ్ల చేతిలో డబ్బు అడిగితే వేరే లెక్క వస్తుంది. మొగుడి ముందు అడగకు.


ప్రాణహిత ఒడ్డు (సిరోంచ, గడ్చిరోలి జిల్లా) | బుధవారం ఉదయం 6:20

రండి చెల్లె. ఫారాలు పట్టుకొని వచ్చేటోళ్లకు, సంఘపోళ్లను తీసుకొని వచ్చేటోళ్లకు తేడా మాకు తెలుస్తది. మేండా లేఖా ధానోరా తాలూకాల ఉంటది, మా దగ్గరి నుంచి దూరమే, జిల్లా ఆ చివర. ముందు మా దిక్కు చూసి అటు పోదురు. వేలం కాగితాలు, గ్రామసభ రిజిస్టరు, ఎవరి ఖాతాల ఎంత పడ్డదో రాసిన పుస్తకం అన్నీ చూపిస్తం. కట్టకు 70 ఆకులు, వెయ్యి కట్టలకు ఒక సంచి, ఆ లెక్క మా ఆడవాళ్లే చెప్తరు. తెలంగాణ కాంట్రాక్టరు రేటు తగ్గియ్యబోతే ఎట్ల ఆపిన్రో కూడ వాళ్లే చెప్తరు.

మే నెలల మాత్రం రాకండి. ఆకు సీజన్ల ఊరు ఊరంతా తెల్లారకముందే అడవికి పోతది, కూర్చొని మాట్లాడే తీరిక ఎవరికీ ఉండది. వానలు మొదలైతే వాగులు దాటలేరు. దీపావళి అయినంక రండి. మీ వాళ్లు కుట్టిన విస్తర్లు ఒక కట్ట తెండి, మా దగ్గర వాటికి ఏం ధర పలుకుతదో సంతల అడిగి చూద్దాం.